కుర్చీ ఉన్న కొట్టు, కుర్చీ లేని కొట్టు

హైదరాబాదులో తిరిగినవాళ్ళకి రెండు రకాల కొట్లు బాగా తెలుసు. ఒకటి జ్యూస్ సెంటర్. బండి ఆపుతాం, "బత్తాయి, ఐస్ వద్దు, షుగర్ తక్కువ" అంటాం, మిక్సీ గుర్రుమంటుంది, నిలబడే తాగేసి గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోతాం. మహా అయితే ఐదు నిమిషాల పని. రెండోది ఇరానీ హోటల్. అక్కడ కూర్చున్నవాడు ఒక పట్టాన లేవడు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, గంటన్నర కబుర్లు. మనం డబ్బులిచ్చేది చాయ్‌కే అయినా నిజానికి కొనుక్కునేది ఆ కుర్చీని.

జ్యూస్ సెంటర్ వాడిని "కుర్చీలెందుకు వెయ్యలేదు" అని ఎవరూ అడగరు. ఇరానీ హోటల్ వాడిని "తొందరగా ఇవ్వవేం" అని కూడా ఎవరూ అడగరు. ఎవడి వ్యాపారం వాడిది. మనకి ఇంత మామూలుగా అనిపించే ఈ తేడా ఒక కంపెనీని యాభై ఏళ్ళుగా తిప్పలు పెడుతోందంటే నమ్ముతారా? ఆ కంపెనీ పేరు స్టార్‌బక్స్. మీలో చాలామంది ఆఫీసు దగ్గర్లోనో, ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడో వాళ్ళ కాఫీ తాగే ఉంటారు, ధర చూసి ఉలిక్కిపడే ఉంటారు. ఆ ధర సంగతి పక్కనపెట్టి, ఆ కొట్టు ఎలా పెరిగిందో, పెరిగి ఏం పోగొట్టుకుందో రాద్దామని ఈ టపా. ఎందుకంటే ఈ కథలో చివరి అంకం మన జాతి, అంటే ప్రోగ్రాములు రాసుకు బతికే జాతి, చలవే.

మొదట్లో అసలు అది కాఫీ హోటలే కాదు. 1971లో జెర్రీ బాల్డ్విన్, జెవ్ సీగల్, గోర్డన్ బౌకర్ అనే ముగ్గురు స్నేహితులు సియాటిల్‌లో పెట్టిన కాఫీ గింజల కొట్టు. మొదటాయన ఇంగ్లీషు మాస్టారు, రెండో ఆయన హిస్టరీ మాస్టారు, మూడో ఆయన రచయిత. కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆల్ఫ్రెడ్ పీట్ అనే డచ్చి ఆయన 1966 నుంచి మంచి గింజలు ముదురుగా వేయించి అమ్ముతుండేవాడు. ఆయన్ని చూసి వీళ్ళకీ ఆ పిచ్చి పట్టుకుంది. పేరు మోబీ డిక్ నవల్లో ఓడ మీద ఉండే ఒక పాత్రది. గింజలు, టీ ఆకు, మసాలా దినుసులు పొట్లం కట్టి అమ్మేవాళ్ళు, కప్పుల్లో పోసి అమ్మడం లేదు. మన ఊళ్ళల్లో కాఫీ గింజలు మర పట్టించి ఇచ్చే కొట్టు ఉంటుంది చూడండి, దాదాపు అదే. కుర్చీల ఊసే లేదు.

ఇంతలో హోవర్డ్ షుల్ట్జ్ రంగప్రవేశం చేశాడు. ఈయన న్యూయార్క్‌లో వంటింటి సామాన్లు అమ్మే ఒక స్వీడిష్ కంపెనీలో పనిచేసేవాడు. ఎక్కడో మూల సియాటిల్‌లో నాలుగు చిన్న కొట్లున్న కంపెనీ, తమ దగ్గర ప్లాస్టిక్ కాఫీ ఫిల్టర్లు పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంటే ఎక్కువగా కొంటోందేమిటా అని చూడ్డానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు ప్రేమలో పడిపోయి, ఏడాదిపాటు బతిమాలి, 1982లో అక్కడే ఉద్యోగంలో చేరాడు. 1983లో కంపెనీ పనిమీద ఇటలీలోని మిలాన్ నగరానికి వెళ్ళాడు. వీధి వీధికీ ఎస్‌ప్రెస్సో బార్లు. కాఫీ చేసేవాడు వచ్చినవాళ్ళందరినీ పేరుపెట్టి పలకరిస్తూ, మాటలాడుతూనే చకచకా కప్పులు అందిస్తూ ఉంటే ఈయనకి కళ్ళు తిరిగాయి. మనం చెయ్యాల్సింది గింజలు అమ్మడం కాదు, ఇదీ అనుకున్నాడు.

యజమానులు ససేమిరా అన్నారు. మేం కాఫీ వేయించేవాళ్ళం, హోటల్ నడిపేవాళ్ళం కాదు అన్నది వాళ్ళ వాదన. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వాదనలో తప్పేం లేదు. బ్రాహ్మణ వీధిలో ఆవకాయ అమ్ముకునే ఆవిడని మెస్సు పెట్టమంటే ఎలా ఉంటుంది? 1984లో ఒక కొట్లో మాత్రం ఒక మూల ఎస్‌ప్రెస్సో పెట్టుకోనిచ్చారు. జనం విరగబడ్డారు. అయినా ఒప్పుకోలేదు. షుల్ట్జ్ బయటికొచ్చి సొంత దుకాణం పెట్టడానికి డబ్బుల కోసం తిరిగాడు. ఆయన తన పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం 242 మందితో మాట్లాడితే 217 మంది కుదరదన్నారు. స్టార్టప్ పెడతానంటూ తిరిగే కుర్రాళ్ళు ఈ అంకెలు రాసి గోడకి అతికించుకోవచ్చు :)

1986లో మొదటి కొట్టు తెరిచాడు, పేరు ఇల్ జోర్నాలే. మిలాన్‌ని యథాతథంగా దింపేశాడు. మెనూలో ఇటాలియన్ పేర్లు, స్పీకర్లలో ఇటాలియన్ ఒపేరా పాటలు, కాఫీ చేసేవాళ్ళకి మెళ్ళో బో టైలు. ఇక్కడే నాకు చాలా నచ్చిన విషయం ఉంది. ఆ కొట్లో కుర్చీల్లేవు. ఇటలీలో నిలబడే తాగుతారు కాబట్టి ఇక్కడా నిలబడే తాగాలన్నమాట. సియాటిల్ జనం ఊరుకోలేదు. మెనూ అర్థం కావట్లేదన్నారు, పాటలు గోల అన్నారు, కూర్చోడానికి చోటేదన్నారు. షుల్ట్జ్ పంతానికి పోకుండా మెనూ మార్చాడు, పాటలు మార్చాడు, కుర్చీలు వేయించాడు.

అంటే ఆ కంపెనీని నిలబెట్టిన కుర్చీ మిలాన్ నుంచి రాలేదు, షుల్ట్జ్ బుర్రలోంచీ రాలేదు. వాడేవాళ్ళు నసపెడితే వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో లేని ఫీచర్ అది, యూజర్లు బగ్ రిపోర్ట్ చేస్తే పెట్టారు.

1987లో పాత యజమానులు స్టార్‌బక్స్‌ని అమ్మకానికి పెడితే 38 లక్షల డాలర్లకి షుల్ట్జే కొనేశాడు. మధ్యలో ఒక పెద్ద మదుపరి అడ్డుపడబోతే సియాటిల్‌లో పేరున్న లాయరొకాయన దన్నుగా నిలబడి ఆపారట. ఆ లాయరు మన బిల్ గేట్స్ గారి నాన్నగారు. తన కొట్లన్నిటికీ స్టార్‌బక్స్ పేరే ఉంచుకున్నాడు. ఆ ఏడాది చివరికి మొత్తం 17 కొట్లు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. షుల్ట్జ్ నాన్నగారు బ్రూక్లిన్‌లో ట్రక్కు మీద డైపర్లు డెలివరీ చేసేవాడు. ఒకసారి జారిపడి చీలమండ విరిగితే ఉద్యోగం పోయింది, ఇన్సూరెన్స్ లేదు. ఆ రోజులు మర్చిపోలేదో ఏమో, 1988లో వారానికి 20 గంటలు పనిచేసేవాళ్ళకి కూడా హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చాడు. 1991లో పార్ట్‌టైమ్ వాళ్ళతో సహా స్టాక్ ఆప్షన్లు ఇచ్చాడు. అప్పటికి అవి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వినబడే మాటలే తప్ప, కప్పులు కడిగేవాళ్ళు కలలో కూడా అనుకునేవి కాదు. ఆ కుర్చీ దగ్గరికి నవ్వుతూ వచ్చి పలకరించే మనిషి ఉండాలంటే ఆ మనిషి కడుపు నిండాలి కదా. 1989లో రే ఓల్డెన్‌బర్గ్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ ఒక పుస్తకం రాశాడు. మనిషికి ఇల్లు ఒకటో చోటు, ఆఫీసు రెండో చోటు, ఈ రెండూ కాకుండా ఊరికే కూర్చుని నలుగురితో కలవడానికి మూడో చోటు ఒకటి కావాలి అన్నది ఆయన సిద్ధాంతం. మనకైతే రచ్చబండకీ ఇరానీ హోటల్‌కీ సిద్ధాంతాలు అక్కర్లేదు గానీ, కారు లేనిదే గడప దాటలేని అమెరికా పేటల్లో ఆ లోటు నిజంగా ఉంది. ఆ మూడో చోటు మేమే అని స్టార్‌బక్స్ చెప్పుకుంది. జనం నమ్మారు.

ఇక పెరుగుదల చూడండి. 1992లో షేర్ మార్కెట్లోకి వెళ్ళింది, ఆ ఏడు 165 కొట్లు. 1996లో టోక్యోలో తెరిచి ఉత్తర అమెరికా దాటింది, 1,015 కొట్లు. 2000లో 3,501. 2007లో 15,011. అంతకు ముందు ఏడాది 12,440 అంటే ఒక్క ఏడాదిలో రెండున్నర వేల పైన. రోజుకి ఏడు! ఒకే వీధిలో ఎదురెదురుగా కూడా పెట్టేవాళ్ళు, ఒకదాని బేరం ఇంకోటి తిన్నా ఫర్లేదు, క్యూ తగ్గుతుంది, ఇంకోడు రాకుండా ఉంటాడని. వాంకూవర్‌లో రాబ్సన్ వీధి కూడల్లో ఎదురెదురు స్టార్‌బక్స్‌లు ఊళ్ళో జోకుగా ఉండేవి.

ఇంత స్పీడు ఊరికే రాదు. రోజుకి ఏడు కొట్లకి ఏడుగురు కాఫీ చెయ్యడం వచ్చిన మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారు? అందుకని మనిషి చేత్తో చేసే ఎస్‌ప్రెస్సో మెషిన్ల బదులు మీట నొక్కితే చేసే ఆటోమేటిక్ మెషిన్లు వచ్చాయి. గింజలు చెడకుండా దూరం పంపాలి కాబట్టి గాలి చొరబడని సంచులు వచ్చాయి. అన్ని కొట్లకీ ఒకే డిజైన్ అయితే ఖర్చు కలిసొస్తుంది కాబట్టి ఒకే డిజైన్ వచ్చింది. పొద్దున్నే టిఫిన్ కూడా ఇక్కడే కానిస్తే బేరం పెరుగుతుంది కాబట్టి వేడి వేడి సాండ్‌విచ్‌లు వచ్చాయి.

2007 ఫిబ్రవరిలో షుల్ట్జ్ (అప్పటికి ఆయన సీఈఓ కాదు, ఛైర్మన్) పై అధికారులకి ఒక మెమో రాశాడు. అది బయటికి పొక్కింది. నా ఉద్దేశంలో ప్రతి సాఫ్ట్‌వేర్ మేనేజరూ ఏడాదికోసారి చదవాల్సిన మెమో అది. అందులో విషయం ఏమిటంటే: కొత్త మెషిన్లు స్పీడుగా పనిచేస్తున్నాయి, కానీ మరీ ఎత్తుగా ఉన్నాయి, కాఫీ చేసే మనిషి మొహం కనబడట్లేదు. సంచులు గింజల్ని తాజాగా ఉంచుతున్నాయి, కానీ కొట్లో కాఫీ వాసన లేకుండా పోయింది. ఒకే డిజైన్ డబ్బు ఆదా చేసింది, కానీ కొట్టు తన ఆత్మని పోగొట్టుకుంది. ఏ నిర్ణయానికా నిర్ణయం అప్పటికి సరైందే, అన్నీ కలిపితే మాత్రం నీళ్ళ కాఫీ అయింది. ఇదీ సారాంశం.

దీన్ని మనం టెక్నికల్ డెట్ అంటాం. ఒక్కో రిలీజ్‌లో ఒక్కో చిన్న సర్దుబాటు. కోడ్ రివ్యూలో ఎవరూ అడ్డు చెప్పలేరు, ఎందుకంటే ప్రతి మార్పుకీ ఒక అంకె ఉంటుంది. ఇన్ని సెకన్లు తగ్గింది, ఇంత ఖర్చు తగ్గింది అని. కాఫీ వాసనకి అంకె లేదు. మొహం కనబడ్డానికి అంకె లేదు. అంకె లేనిది మీటింగులో మాట్లాడలేదు.

2008 జనవరిలో షుల్ట్జ్ మళ్ళీ సీఈఓ అయ్యాడు. ఫిబ్రవరి 26 సాయంత్రం అమెరికాలో 7,100 కొట్లు ఒకేసారి మూడు గంటలపైన మూసేసి కాఫీ ఎలా చెయ్యాలో మొదట్నుంచీ నేర్పించాడు. ప్రొడక్షన్ సర్వర్లన్నీ పట్టపగలు ఆపేసి రిఫాక్టరింగ్ చేసినట్టు! మనలో ఏ మేనేజర్‌కైనా అంత ధైర్యం ఉందా? ఎత్తు తక్కువ మెషిన్లు తెప్పించాడు. జులైలో అమెరికాలో 600 కొట్లు మూసేస్తున్నామన్నారు. వాటిలో దాదాపు 70 శాతం గత రెండు మూడేళ్ళలో తెరిచినవే. అంటే రోజుకి ఏడు అని చంకలు గుద్దుకున్న కాలంలోవే.

అదే నెలలో ఆస్ట్రేలియాలో ఉన్న 84 కొట్లలో 61 మూసేశారు. అక్కడి కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస వచ్చిన ఇటాలియన్లూ గ్రీకులూ ఎప్పుడో అక్కడ వీధి వీధికీ మంచి కాఫీ కొట్లు పెట్టేశారు. కుర్చీ ఉంది, కాఫీ ఉంది, పేరుపెట్టి పిలిచేవాడున్నాడు. ఆత్రేయపురంలో ఎవరో వచ్చి పూతరేకులు నేను కనిపెట్టానంటే కొంటారా?

తమాషా ఏమిటంటే స్టార్‌బక్స్ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన 2000లోనే, అదే దేశంలో అడిలైడ్ అనే ఊళ్ళో జానీన్ ఆలిస్ అనే ఆవిడ బూస్ట్ జ్యూస్ అని ఒక జ్యూస్ కొట్టు తెరిచింది. అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి జ్యూస్ బార్లు చూసి వచ్చిన ఆలోచన. షాపింగ్ మాల్లో చిన్న జాగా, రంగురంగుల బోర్డు, గట్టిగా పాటలు, పేరు పిలిచి కప్పు చేతికివ్వడం. కుర్చీల గొడవ లేదు. తాగుతూ నడుచుకుంటూ పోవడమే. ఫ్రాంచైజీలిచ్చుకుంటూ పదికి పైగా దేశాలకి పాకింది. మన జ్యూస్ సెంటర్ లెక్కే, కాకపోతే ఏసీలో. తను ఏ కొట్టో దానికి తెలుసు.

జ్యూస్ అంటే గుర్తొచ్చింది, స్టార్‌బక్స్ కూడా జ్యూస్ బార్లు పెట్టింది. చాలామందికి తెలియదు. 2011 చివర్లో ఎవల్యూషన్ ఫ్రెష్ అనే పళ్ళరసాల కంపెనీని 3 కోట్ల డాలర్లకి కొన్నారు. కాఫీకి చేసిందే జ్యూస్‌కీ చేసేద్దాం అన్నది ఉద్దేశం. 2012 మార్చిలో బెల్‌వ్యూలో మొదటి జ్యూస్ బార్ తెరిచారు. బెల్‌వ్యూ అంటే పక్కనే మైక్రోసాఫ్ట్, మన తెలుగువాళ్ళు సంక్రాంతికి ముగ్గులు పెట్టేంతమంది ఉండే ఊరే. ఇంకో రెండు మూడు చోట్ల పెట్టారు. వేళ్ళమీద లెక్కపెట్టే సంఖ్య దాటలేదు. 2017 కల్లా మూతబడ్డాయి, సీసాల వ్యాపారాన్ని 2022లో ఇంకో కంపెనీకి అమ్మేశారు. 2012లోనే లా బులాంజ్ అనే బేకరీలని 10 కోట్ల డాలర్లకి కొని, 2015లో ఆ కొట్లు మూసేశారు. అదే ఏడు టీవానా అనే టీ కొట్లని 62 కోట్ల డాలర్లకి కొని, ఆ 379 కొట్లూ మూసేస్తున్నామని 2017లో ప్రకటించారు. రసం, రొట్టె, టీ. మూడూ పోయాయి.

ఎందుకంటారు? నాకనిపించేది ఇది. కాపీ చేసి పేస్ట్ చేస్తే కోడ్ వస్తుంది గానీ, ఆ కోడ్ ఎందుకలా రాశారో రాదు. సియాటిల్ జనం నసపెట్టి వేయించుకున్న కుర్చీ ఉంది చూడండి, అలాంటిది ఈ మూడింటికీ లేదు. జ్యూస్ తాగడానికి గంట కూర్చునేవాడెవడు? మాల్లో టీ ఆకు కొనుక్కునేవాడికి మూడో చోటెందుకు?

అసలు చిత్రం ఇంకోటుంది. జ్యూస్ బార్లు పోయాయి గానీ, కాఫీ కొట్టే మెల్లగా జ్యూస్ కొట్టయిపోయింది! 1994లో బోస్టన్‌లో ఒక చిన్న కాఫీ కంపెనీని కొంటే దాంతోపాటు ఫ్రాపుచినో అనే పేరు వచ్చింది. 1995లో దాన్ని చల్లగా, తియ్యగా, మిక్సీలో తిప్పి అమ్మడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పళ్ళ రుచులతో రిఫ్రెషర్లు వచ్చాయి, ఐసు టీలు వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో వాళ్ళమ్మే పానీయాల్లో మూడొంతులు... పొరపాటు పడేరు, మూడింట ఒకటి కాదు, నాలుగింట మూడు... చల్లటివే. చల్లటి గ్లాసు పట్టుకున్నవాడు కూర్చోడు. కారెక్కుతాడు.

ఇప్పుడు మన పాత్ర. 2014 చివర్లో పోర్ట్‌లాండ్‌లో మొదలుపెట్టి 2015లో అమెరికా అంతటా ఫోన్‌లోనే ఆర్డరిచ్చే ఏర్పాటు పెట్టారు. ఇంట్లో బయల్దేరేటప్పుడు నొక్కితే వెళ్ళేసరికి కప్పు రెడీ. 2017లో సీఈఓ అయిన కెవిన్ జాన్సన్ అంతకు ముందు మైక్రోసాఫ్ట్‌లో పెద్ద ఉద్యోగం చేసినవాడు. మన హైదరాబాదు సత్య నాదెళ్ళ గారు కూడా 2017 నుంచి 2024 దాకా ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో ఉన్నారు. యాప్ మామూలు హిట్ కాదు. జనం ముందే డబ్బులు వేసి ఉంచుకునే కార్డుల్లో, యాప్‌లో ఎప్పుడు చూసినా వంద కోట్ల డాలర్ల పైనే ఉంటాయి. వడ్డీ లేని డిపాజిట్లు! మన సహకార బ్యాంకులకి లేవు అన్ని.

కానీ క్యూ అంటే మనకి తెలుసు కదా. ఒక క్యూకి కనబడని ఇంకో రెండు క్యూలు కలిపితే ఏమవుతుంది? కౌంటర్ ముందు ముగ్గురే ఉంటారు, కానీ ఫోన్‌లో ముప్ఫై కప్పులు, కార్లలో పది కప్పులు ముందుంటాయి. నిలబడ్డవాడికి ఎందుకు ఆలస్యమో అర్థం కాదు. వచ్చినవాళ్ళు ఆ గుంపు చూసి వెనక్కిపోతున్నారని 2017 మొదట్లోనే కంపెనీ ఒప్పుకుంది. మన బ్యాక్‌లాగ్ అంతా పోయి కాఫీ చేసే పిల్లల నెత్తిన పడింది. 2021 డిసెంబర్‌లో బఫెలో ఊళ్ళో ఒక కొట్టు యూనియన్‌కి ఓటేసింది, తర్వాత వందల కొట్లు అదే దారి పట్టాయి. పని భారం, మనుషులు చాలకపోవడం వాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. ఒకప్పుడు అడక్కుండానే స్టాక్ ఆప్షన్లు ఇచ్చిన కంపెనీలో!

కుర్చీ సంగతీ అంతే. 2019లో న్యూయార్క్‌లో కుర్చీలే లేని, యాప్ ఆర్డర్లు తీసుకుపోయే కొట్టు పెట్టారు. ఇల్ జోర్నాలే మొదటి రోజుకి తిరిగి వెళ్ళారన్నమాట, ఒపేరా పాటలు లేకుండా. కోవిడ్ తర్వాత చాలాచోట్ల కుర్చీలు తగ్గించారు.

అసలు కుర్చీలో ఎవరు కూర్చోవచ్చు అన్న ప్రశ్న కూడా ఒకసారి దారుణంగా ముందుకొచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ ఏమీ కొనకుండా కూర్చున్నారని మేనేజర్ పోలీసుల్ని పిలిస్తే, బేడీలు వేసి తీసుకెళ్ళారు. దేశమంతా అట్టుడికింది. కంపెనీ క్షమాపణ చెప్పి, మే 29న 8,000 కొట్లు మధ్యాహ్నం మూసి శిక్షణ ఇచ్చింది. ఏమీ కొనకపోయినా ఎవరైనా కూర్చోవచ్చని రూలు పెట్టింది. 2025 జనవరిలో ఆ రూలు తీసేసింది. మూడో చోటు అని బోర్డు పెట్టుకోవడం తేలిక, అది అందరి చోటు కావడం కష్టం.

2024లో ఆగస్టులో సీఈఓ లక్ష్మణ్ నరసింహన్‌ని ఏడాదిన్నరలోపే పంపేసి, చిపోట్లే నుంచి బ్రయాన్ నికోల్‌ని తెచ్చుకున్నారు. ఆయన చేసిన పనులు చూడండి. పింగాణీ కప్పులు మళ్ళీ పెట్టించాడు. కప్పుమీద పెన్నుతో పేరు రాయమన్నాడు. పాలు, చక్కెర మనమే కలుపుకునే బల్ల మళ్ళీ వచ్చింది. కుర్చీలు మళ్ళీ వేయిస్తున్నాడు. యాప్ కోసమే ఉన్న కుర్చీ లేని కొట్ల పద్ధతికి స్వస్తి అని 2025లో ప్రకటించాడు. ఏ కప్పు ముందు, ఏది వెనక అని తేల్చడానికి ఇంకో అల్గారిథమ్ కూడా పెట్టాడనుకోండి. మనం చేసిన చిక్కు మనమే విప్పాలిగా :)

"మరి కుర్చీ లేకపోతే నష్టమా, చైనాలో లక్కిన్ ఎలా గెలిచింది?" అని మీలో ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. 2017లో పుట్టి, అంతా యాప్‌లోనే, ఎక్కువ భాగం తీసుకుపోయే చిన్న కొట్లతో నడిచిన కంపెనీ అది. 2020లో దొంగ లెక్కలు బయటపడి పరువు పోయినా, మళ్ళీ లేచి 2023లో చైనాలో స్టార్‌బక్స్‌ని దాటేసింది. 1999 నుంచి అక్కడున్న స్టార్‌బక్స్ 2025 నవంబర్‌లో తన చైనా వ్యాపారంలో 60 శాతం దాకా ఒక చైనా పెట్టుబడి సంస్థకి అమ్మడానికి ఒప్పుకుంది. కానీ లక్కిన్ ఎప్పుడూ కుర్చీ ఇస్తానని చెప్పలేదు, కుర్చీ ధర వసూలూ చెయ్యలేదు. అదీ జ్యూస్ సెంటరే. కుర్చీ తీసేసి ఇరానీ హోటల్ ధర అడిగితేనే జనానికి మండుతుంది.

మన దేశంలోకి 2012 అక్టోబర్‌లో టాటాలతో సగం సగం వాటాతో ముంబై హార్నిమన్ సర్కిల్లో తెరిచారు. ఇప్పుడు 450కి పైగా కొట్లున్నాయి. ఇక్కడ వాళ్ళకంటే ముందే 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్లో కెఫే కాఫీ డే ఇంటర్నెట్ కెఫేగా మొదలై, కుర్చీయే అమ్మింది. మనలో ఎన్ని పెళ్ళిచూపులు, ఎన్ని ఇంటర్వ్యూలు, ఎన్ని రాజీనామా చర్చలు ఆ కుర్చీల్లో జరగలేదూ?

ఇదంతా ఎందుకు రాశానంటే, నా సొంత గొడవ ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం మా టీము ఒక చిన్న టిఫిన్ హోటళ్ళ కంపెనీకి ఆర్డరింగ్ సిస్టమ్ చేసింది. టేబుల్ మీద కోడ్ స్కాన్ చెయ్యడం, ఆర్డరివ్వడం, డబ్బు కట్టడం అన్నీ ఫోన్‌లోనే. మనిషి టేబుల్ దగ్గర గడిపే టైము బాగా తగ్గింది. నేనే గ్రాఫ్ వేసి చూపించాను, చప్పట్లు కొట్టారు. ఆరు నెలల తర్వాత ఒక బ్రాంచికి వెళితే అక్కడి మేనేజర్, పెద్దాయన, కాఫీ ఇప్పించి మెల్లగా అన్నాడు: "బాగానే ఉంది సార్. కానీ పొద్దున్నే పేపరు పట్టుకుని నలుగురు రిటైరైనవాళ్ళు వచ్చేవారు సార్, ఈ ఫోన్ గోల పడలేక రావట్లేదు." ఆ నలుగురూ నా గ్రాఫులో ఉన్నారు. టైము తగ్గడంలో వాళ్ళ వాటా కూడా ఉంది. అది మెరుగుదల కింద లెక్కేశాను నేను.

అప్పట్నుంచీ డాష్‌బోర్డ్ మీద ఏదైనా అంకె పచ్చగా కనబడితే, అది ఎవరు లేచి వెళ్ళిపోతే పచ్చబడిందో చూస్తున్నాను. స్టార్‌బక్స్‌కి అది తెలుసుకోడానికి యాభై ఏళ్ళు, 40,000 కొట్లు పట్టాయి. 2018లో షుల్ట్జ్ చివరికి మిలాన్‌లోనే, పాత పోస్టాఫీసు భవనంలో ఒక పెద్ద కొట్టు తెరిపించాడు. చూసి వెర్రెక్కిపోయిన ఊరికి ముప్ఫై అయిదేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళాడు. అందులో మాత్రం మొదటి రోజు నుంచే కుర్చీలున్నాయి.